ఐదు గంటల మారథాన్

2023 అక్టోబర్‌లో కెన్యా రన్నర్ కెల్విన్ కిప్టమ్ షికాగో మారథాన్‌ను 2 గంటల 35 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. సగటున కిలోమీటరుకు 2 నిమిషాల 51 సెకన్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ, తెల్లవారకముందే లేచి ప్రాక్టీస్ చేసే మామూలు రన్నర్‌కు అదే 42.195 కిలోమీటర్లు ఐదు గంటలు పట్టడం సర్వసాధారణం. ఈ తేడాను అందరూ వేగం లెక్కలోనే చూస్తారు. ఆయన వేగంగా వెళ్లాడు, ఈయన నెమ్మదిగా వెళ్లాడు, అంతే. నిజానికి మామూలు రన్నర్‌కు మారథాన్‌లో ఎదురయ్యే కష్టాల్లో చాలావరకు గడియారం తెచ్చిపెట్టేవే. రోడ్డు మీద ఐదు గంటలు ఉండాల్సి వచ్చినప్పుడు ఎండ మారుతుంది, తిండి అవసరం మారుతుంది, నీళ్ల లెక్క మారుతుంది, చివరికి ప్రాణానికి వచ్చే ముప్పు కూడా మారుతుంది.

అడుగుల లెక్క ఒక్కటి చూసినా విషయం తెలుస్తుంది. ప్రపంచ స్థాయి రన్నర్ ఒక్కో అడుగుకు దాదాపు 1.9 మీటర్లు దాటుతాడు. అంటే మొత్తం దూరానికి 22 వేల అడుగులు. ఐదు గంటల రన్నర్ నిమిషానికి 160 అడుగులు వేస్తాడనుకుంటే 48 వేలు అవుతాయి. ఒక్కో అడుగులో నేల నుంచి వచ్చే దెబ్బ కాస్త తక్కువే కావచ్చు, కానీ అలాంటి దెబ్బలు రెట్టింపు కంటే ఎక్కువ. బొటనవేలి గోరు నల్లబడటం, తొడల మధ్య, చంకల్లో చర్మం ఒరుసుకుపోవడం, తడిసిన సాక్సుల్లో బొబ్బలు రావడం లాంటివి టీవీలో కనిపించే విజేతల కథల్లో పెద్దగా రావు. వెనక పరిగెత్తేవాళ్ల కబుర్లలో మాత్రం అవే ఎక్కువ. పెద్ద షూ కంపెనీల యాడ్ల కంటే పది రూపాయల వ్యాసలీన్ డబ్బా గురించి వాళ్లు ఎక్కువ మాట్లాడుకుంటారు. అందులో తప్పేమీ లేదు.

హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివర్లో జరుగుతుంది. నెక్లెస్ రోడ్డు దగ్గర చీకటి ఉండగానే మొదలై, పంజాగుట్ట, జూబ్లీహిల్స్ వైపు ఎత్తుపల్లాలు దాటి గచ్చిబౌలి చేరుతుంది. వానాకాలం కాబట్టి ఆ వేళకు వేడి ఎక్కువేమీ ఉండదు. ఉష్ణోగ్రత 22, 23 డిగ్రీల దగ్గర ఉంటుంది. బాల్కనీలో కాఫీ తాగేవాళ్లకు హాయిగా ఉండే వాతావరణం. పరిగెత్తే శరీరానికి మాత్రం అది ఎక్కువే. పారిస్, లండన్, బెర్లిన్, బోస్టన్, షికాగో, న్యూయార్క్ మారథాన్లలో 2001 నుంచి 2010 వరకు నమోదైన ఫలితాలను ఫ్రెంచ్ పరిశోధకులు విశ్లేషించారు. పరుగుకు బాగా కలిసొచ్చే ఉష్ణోగ్రత 10 డిగ్రీలు, లేదా అంతకన్నా కొంచెం తక్కువ అని తేలింది. మన దగ్గర డిసెంబర్, జనవరి తెల్లవారుజాముల్లో కూడా ఆ చలి ఎప్పుడో గాని ఉండదు.

అసలు సమస్య తేమ. చెమట ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది. హుస్సేన్ సాగర్ ఒడ్డున ఆగస్టు గాలిలో చెమట ధారగా కారుతుంది గాని ఆరదు. ఐదు కిలోమీటర్లు దాటకముందే టీషర్ట్ తడిసి ఒంటికి అతుక్కుపోతుంది. అక్కడి నుంచి గుండె ఒకే పని రెండు చోట్ల చేయాలి: కండరాలకు రక్తం పంపాలి, వేడిని బయటకు తోయడానికి చర్మానికీ పంపాలి. అదే వేగంలో వెళ్తున్నా వాచీలో హార్ట్‌రేట్ మెల్లగా పెరుగుతూ పోవడానికి ఇదే కారణం. గంటకు ఎంత వేడి పుడుతుందో చూస్తే, వేగంగా పరిగెత్తేవాడి ఒంట్లోనే ఎక్కువ పుడుతుంది. ఈ ఒక్క విషయంలో నెమ్మదిగా వెళ్లేవాడికి కాస్త మేలే. కానీ విజేతలు ముగించి స్నానం చేసేసరికి ఐదు గంటల రన్నర్ ఇంకా సగం దూరంలోనే ఉంటాడు. ఎనిమిదిన్నర తర్వాత మబ్బు తొలగిందా, మిగతా దారంతా ఎండలోనే.

ముంబై మారథాన్‌లో ఈ చిక్కుకు ఒక తెలివైన పరిష్కారం కనిపిస్తుంది. అక్కడ మామూలు రన్నర్లను తెల్లవారుజామున ఐదు గంటల ప్రాంతంలోనే వదులుతారు. అంతర్జాతీయ స్థాయి రన్నర్ల రేసు ఏడు దాటాక మొదలవుతుంది. రెండు గంటల్లో ముగించేవాడు ఎండను తట్టుకోగలడు, ఐదు గంటల వాడికి చీకటి కావాలి. టీవీ ప్రసారానికీ ఈ ఏర్పాటు అనుకూలమే అనుకోండి. కారణం ఏదైనా ఫలితం మాత్రం మామూలు రన్నర్‌కు మేలు చేసేదే.

ఈ తేడా ఎంత దూరం వెళ్లగలదో 2007 షికాగో మారథాన్ చూపించింది. అక్టోబర్ నెలలో ఊహించని విధంగా ఉష్ణోగ్రత 31 డిగ్రీల దాకా వెళ్లింది. ముందు వరుసలో కెన్యాకు చెందిన పాట్రిక్ ఇవుటి 2 గంటల 11 నిమిషాల్లో గెలిచాడు. మొరాకో రన్నర్ జవాద్ గరీబ్‌తో అతనికి తేడా సెకనులో చిన్న భాగం. అద్భుతమైన పోటీ. వెనక మాత్రం నీళ్లు దొరకడం లేదని ఫిర్యాదులు, అంబులెన్సులు, పడిపోయినవాళ్లు. మొదలై మూడున్నర గంటలయ్యాక నిర్వాహకులు రేసును ఆపేశారు. మధ్యలో ఉన్న వేలమందిని ఇక పరిగెత్తవద్దని చెప్పి వెనక్కి పంపారు. రికార్డుల పుస్తకంలో ఆ రోజు ఒకే రేసు. రోడ్డు మీద మాత్రం ముందు వాళ్లు పరిగెత్తింది ఒకటి, వెనక వాళ్లకు దక్కింది ఇంకొకటి.

ఇక పేస్ సంగతి, అంటే కిలోమీటరుకు పట్టే సమయం. మొదటిసారి ఫుల్ మారథాన్ పరిగెత్తినవాళ్లను అడిగితే ఎక్కువమంది చెప్పేది ఒకేలా ఉంటుంది: "ముప్పై దాకా సూపర్‌గా ఉంది, ఆ తర్వాత కాళ్లు నావి కావు." దీన్నే రన్నర్లు వాల్ అంటారు. మనోబలం సరిపోలేదని, ఇంకొంచెం పట్టుదల ఉంటే దాటేవాళ్లమని బాధపడతారు. చాలా సందర్భాల్లో మనోబలానికి ఈ నింద అన్యాయం. తప్పు 31వ కిలోమీటరులో జరగదు, మొదటి పదిలోనే జరిగిపోతుంది.

లెక్క చూద్దాం. ఐదు గంటల్లో పూర్తిచేయాలంటే కిలోమీటరుకు 7 నిమిషాల 6 సెకన్లు. రేసుకు ముందు రెండు మూడు వారాలు ప్రాక్టీస్ తగ్గించి కాళ్లకు విశ్రాంతి ఇస్తారు, దీన్ని టేపర్ అంటారు. రాత్రి నిద్ర పట్టకపోయినా ఒంట్లో హుషారు ఉంటుంది. డప్పులు, మైకులో కేకలు, చుట్టూ వేలమంది. చీకట్లో చల్లగాలి. ఇవన్నీ కలిసి 6:30 పేస్ కూడా నడకలా అనిపిస్తుంది. అలా మొదటి పది కిలోమీటర్లు వెళ్తే 6 నిమిషాలు ఆదా అయినట్టు వాచీ చూపిస్తుంది. "బ్యాంకులో వేసుకున్నాం, తర్వాత వాడుకుందాం" అనే మాట అక్కడే పుడుతుంది. చివరి పది కిలోమీటర్లలో పేస్ 9:30కి పడిపోతే పోయేది 24 నిమిషాలు. ఇంత దారుణమైన వడ్డీ ఏ చిట్ ఫండ్‌లోనూ ఉండదు.

ఒంట్లో జరిగేది ఇది. కండరాల్లో, కాలేయంలో గ్లైకోజన్ రూపంలో నిల్వ ఉండే పిండిపదార్థం 400 నుంచి 500 గ్రాములు. శక్తి లెక్కలో సుమారు 2,000 కేలరీలు. పరుగుకు కిలో బరువుకు కిలోమీటరుకు దాదాపు ఒక కేలరీ ఖర్చు. 70 కిలోల మనిషికి 42 కిలోమీటర్లంటే 2,900 పైనే. లోటు కొవ్వు నుంచి పూడాలి. కొవ్వు ఎవరి ఒంట్లోనైనా సరిపడా ఉంటుంది. అయితే అది నెమ్మదిగా కరుగుతుంది, దానికి ఆక్సిజన్ కూడా ఎక్కువ కావాలి. పేస్ పెరిగినకొద్దీ శరీరం కొవ్వును పక్కన పెట్టి గ్లైకోజన్ మీద పడుతుంది. అందుకే మొదట్లో తేలికగా అనిపించిన కిలోమీటరుకు ఆ 36 సెకన్ల దూకుడు, తర్వాత అవసరమయ్యే ఇంధనాన్ని ముందే తినేస్తుంది. నిల్వ అడుగంటాక మెదడుకు అందే గ్లూకోజ్ కూడా తగ్గుతుంది. 34వ కిలోమీటరు దగ్గర కారణం లేకుండా ఏడుపు రావడం, చిన్న కూడికలు కూడా తేలకపోవడం, పక్కన చప్పట్లు కొట్టేవాళ్ల మీద కోపం రావడం అందుకే. మనసు బలహీనపడిందని అనుకునేది చాలాసార్లు చక్కెర తగ్గడమే.

కిప్టమ్ షికాగోలో మొదటి సగాన్ని 60 నిమిషాల 48 సెకన్లలో, రెండో సగాన్ని 59 నిమిషాల 47 సెకన్లలో పరిగెత్తాడు. మామూలు రన్నర్లలో ఇలా రెండో సగం వేగంగా పరిగెత్తేవాళ్లు అరుదు. అమెరికాలోని 14 మారథాన్లలో 90 వేలకు పైగా ఫలితాలను పరిశీలించిన ఒక అధ్యయనం 2015లో వచ్చింది. రెండో సగంలో పురుషులు సగటున 15.6 శాతం, స్త్రీలు 11.7 శాతం నెమ్మదించారని అది చెప్పింది. ఆడవాళ్ల శరీరం కొవ్వును కాస్త ఎక్కువగా ఇంధనంగా వాడుకోవడం ఒక కారణం కావచ్చు. మొదట్లో తొందరపడకపోవడం ఇంకో కారణం కావచ్చు. పక్కవాడు దాటి వెళ్లాడని ఆరో కిలోమీటరులో పేస్ పెంచేవాళ్లలో మగవాళ్లే ఎక్కువని ఏ రన్నింగ్ గ్రూప్‌ను అడిగినా చెబుతారు, నవ్వుతూనే.

హైదరాబాద్ రూట్‌లో ఈ లెక్కకు ఫ్లైఓవర్లు తోడవుతాయి. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది కాబట్టి అందరూ జాగ్రత్తపడతారు. దెబ్బ తీసేది దిగడం. దిగేటప్పుడు తొడ ముందు భాగంలోని కండరం సాగుతూనే బరువును ఆపాలి, ఆ పనిలో కండరపు పోగులు చిన్నచిన్నగా దెబ్బతింటాయి. మొదటి రెండు ఫ్లైఓవర్లు ఉచితంగా దొరికిన వేగంలా అనిపిస్తాయి. బిల్లు ముప్పై దాటాక వస్తుంది. కేబీఆర్ పార్కు చుట్టూ, జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాల్లో లాంగ్ రన్స్ (ప్రాక్టీస్‌లో చేసే దూరపు పరుగులు) చేసినవాళ్లు ఇక్కడ కాస్త నయం. ట్రెడ్‌మిల్ మీదో, చదునైన ట్రాక్ మీదో తయారైనవాళ్లకు మర్నాడు మెట్లు దిగడం పెద్ద పరీక్ష. మెట్రో స్టేషన్‌లో రెయిలింగ్ పట్టుకుని వెనక్కి తిరిగి దిగేవాళ్లు కనిపిస్తే నిన్న ఏం జరిగిందో అడగక్కర్లేదు.

నీళ్ల విషయంలో నెమ్మదిగా పరిగెత్తేవాళ్లకు చాలాకాలం తప్పుడు సలహా దొరికింది. దాహం వేయకముందే తాగండి, ఎంత వీలైతే అంత తాగండి అని. రెండు గంటల్లో ముగించేవాడు ఎంత ప్రయత్నించినా ఎక్కువ తాగలేడు, వేగం తాగనివ్వదు. ఐదు గంటల వాడు ప్రతి స్టాల్ దగ్గరా ఆగి, నిదానంగా రెండేసి గ్లాసులు తాగగలడు. అలా వట్టి నీళ్లు ఎక్కువైతే రక్తంలోని సోడియం, అంటే ఉప్పు, పలచబడుతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సిన దానికంటే తక్కువగా ఉంది. ముగ్గురిలో అది ప్రాణాపాయ స్థాయికి పడిపోయింది. పరుగు ముగిసేసరికి బరువు పెరిగినవాళ్లు, నాలుగు గంటలకు పైగా రోడ్డు మీద ఉన్నవాళ్లు ఎక్కువగా దీని బారిన పడ్డారు. ఆ రేసులో ఒక యువతి ఇదే కారణంతో చనిపోయింది కూడా. 2005లో ఈ పరిశోధన వచ్చాక సలహాల ధోరణి మారింది: దాహాన్ని బట్టి తాగితే చాలు.

మన వాతావరణంలో దీన్ని ఇంకో వైపు నుంచి కూడా చూడాలి. తేమలో చెమట విపరీతంగా పోతుంది, ఉప్పు కూడా పోతుంది. నీళ్లు తగ్గితే వడదెబ్బ, వట్టి నీళ్లు ఎక్కువైతే సోడియం పడిపోవడం. తలనొప్పి, వికారం, తూలడం రెండింటిలోనూ ఉంటాయి, కాబట్టి పక్కనున్నవాళ్లు చూసి గుర్తుపట్టడం కష్టం. తూలుతున్నవాడికి అర లీటరు నీళ్లు బలవంతంగా తాగించే ముందు మెడికల్ టెంట్‌కు తీసుకెళ్లడం మంచిది. ఉంగరం బిగుసుకుపోవడం, వేళ్లు ఉబ్బడం, కడుపులో నీళ్లు గలగలలాడటం కనిపిస్తే అవి దాహానికి సూచనలు కానే కావు. మనిషికీ మనిషికీ చెమటలో చాలా తేడా ఉంటుంది. దాన్ని తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. గంటసేపు పరుగుకు ముందూ తర్వాతా బరువు చూసుకుంటే, మధ్యలో తాగింది కలిపితే, సుమారు లెక్క వచ్చేస్తుంది.

తిండి గురించి ఇన్ని మాటలు అవసరం లేదు. గంటకు 60 గ్రాముల దాకా గ్లూకోజ్‌ను పేగులు పీల్చుకోగలవు. ఫ్రక్టోజ్ కలిస్తే ఇంకాస్త ఎక్కువ. పరుగు మధ్యలో తినే చిన్న చక్కెర ప్యాకెట్ ఒకటి, అంటే ఒక జెల్‌లో, ఉండేది 20 నుంచి 25 గ్రాములు. ఐదు గంటల పరుగుకు రెండు జెల్స్ జేబులో వేసుకుని బయల్దేరేవాళ్లు తమను తాము రెండు గంటల రేసుకు సిద్ధం చేసుకున్నట్టే. ఖర్జూరాలు, ఉప్పు చల్లిన ఉడికించిన ఆలుగడ్డ ముక్కలు, అరటిపండు, చిక్కీ, ఏదైనా పర్వాలేదు, లాంగ్ రన్స్‌లో తిని అరిగించుకున్నదైతే చాలు. రేసుకు ముందు జరిగే ఎక్స్‌పోలో (రన్నర్ల సామాన్ల ప్రదర్శన) కొన్న కొత్త జెల్‌ను రేసు రోజు మొదటిసారి నోట్లో పెట్టుకోవడం ఎంత ప్రమాదమో రూట్‌లోని మొబైల్ టాయిలెట్ల ముందు క్యూలు చెబుతాయి. ముందురోజు రాత్రి మామూలుగా తినే అన్నమే మంచిది. బిర్యానీ సరదా ఒక రోజు వాయిదా వేసుకోవాలి.

లక్ష్యం విషయంలో మామూలు రన్నర్లకు ఒక విచిత్రమైన అలవాటు ఉంది. దాదాపు కోటి మారథాన్ ఫలితాలను ఆర్థికశాస్త్ర పరిశోధకులు గ్రాఫ్‌గా గీశారు. మూడు, మూడున్నర, నాలుగు, నాలుగున్నర గంటలకు కాస్త ముందు గుంపులు కనిపించాయి, ఆ వెంటనే పల్లాలు. శరీరానికి గుండ్రటి అంకెలు తెలియవు. మనిషికి తెలుసు. 3:59 వస్తే ఫేస్‌బుక్‌లో పోస్టు, 4:01 వస్తే వివరణ. చివరి రెండు కిలోమీటర్లలో బలం మిగిలిందో లేదో చూడకుండా, గుండ్రటి అంకె అందుతుందనుకున్నవాళ్లు పరిగెత్తుతారు, అందదనుకున్నవాళ్లు నడుస్తారు. ముగించే సమయం రాసిన జెండా పట్టుకుని అదే వేగంలో పరిగెత్తే పేసర్లను పెట్టేది కూడా ఈ అంకెల చుట్టూనే. మంచి పేసర్ దొరకడం అదృష్టం. కానీ తన ప్రాక్టీస్ 5:20కి సరిపడేలా ఉంటే 5:00 జెండా వెనక బయల్దేరడం అంటే వాల్‌ను ముందే బుక్ చేసుకున్నట్టు. తేమ ఎక్కువగా ఉన్న రోజు జెండా మీది అంకె కూడా మారాలి. అది మారదు కాబట్టి వెనక వెళ్లేవాడే మారాలి.

సమయం లెక్క ప్రాక్టీస్‌లో కూడా దారి తప్పిస్తుంది. చాలా విదేశీ ట్రైనింగ్ ప్లాన్లలో 32 కిలోమీటర్ల లాంగ్ రన్ ఒకటి ఉంటుంది. కిలోమీటరుకు మూడున్నర నిమిషాల్లో వెళ్లేవాడికి అది రెండు గంటల కంటే తక్కువ పని. ఏడున్నర నిమిషాల వాడికి నాలుగు గంటలు. ఆ నాలుగు గంటల తర్వాత వారమంతా కాళ్లు కోలుకోవు, మధ్యలో చేయాల్సిన పరుగులు పోతాయి, గాయాలు అవుతాయి. నెమ్మదిగా వెళ్లేవాళ్లకు లాంగ్ రన్‌ను కిలోమీటర్లలో కాకుండా గంటల్లో రాసిచ్చి, మూడు మూడున్నర గంటల దగ్గర ఆపమనే కోచ్‌లు ఉన్నారు. వాళ్ల మాట వినడం మేలు. ఆ తగ్గిన దూరాన్ని వారంలో మిగతా రోజుల మీద సర్దుకోవచ్చు.

కాగితం మీద ప్లాన్ నాలుగు నెలలు. దాన్ని నడిపేది మాత్రం ఇంటి పరిస్థితి. ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి లేవాలంటే శనివారం రాత్రి పెళ్లి విందులో తొమ్మిదికే లేచి రావాలి. నైట్ షిఫ్ట్, అమెరికా టైమ్‌లో మీటింగులు ఉన్నవాళ్లకు నిద్రే అసలు కొరత. ఆడవాళ్లకైతే ఇంకో లెక్క ఉంది. చీకట్లో ఒంటరిగా రోడ్డు మీదకు రావడం, వీధికుక్కలు, వెనక నెమ్మదిగా వచ్చే బైకు, దారిలో టాయిలెట్ లేకపోవడం, ఇంటికి తిరిగొచ్చేసరికి టిఫిన్ సంగతి. హైదరాబాద్, విశాఖ లాంటి నగరాల్లో రన్నింగ్ గ్రూపులు చేసిన పెద్ద మేలు కోచింగ్ కంటే ముందు తోడు. నలుగురు కలిసి బయల్దేరతారన్న నమ్మకం ఉన్నందుకే చాలామంది ఆడవాళ్లు మొదటి లాంగ్ రన్‌కు రాగలిగారు. విశాఖలో సముద్రం ఒడ్డున ఆర్కే బీచ్ రోడ్డు తెల్లవారుజామున వాకర్లతో నిండి ఉండటం అక్కడి రన్నర్లకు దొరికిన ఇంకో వరం.

బంధువులు తప్పక చెప్పేది మోకాళ్ల గురించి. "ఇలా పరిగెత్తితే యాభైకే మోకాళ్లు అరిగిపోతాయి." 2017లో పాత పరిశోధనలన్నీ కలిపి చూసిన ఒక విశ్లేషణలో తుంటి, మోకాలి కీళ్ల అరుగుదల సరదాగా పరిగెత్తేవాళ్లలో 3.5 శాతం, కదలకుండా కూర్చునేవాళ్లలో 10.2 శాతం, పోటీ స్థాయిలో పరిగెత్తేవాళ్లలో 13.3 శాతం ఉన్నట్టు తేలింది. మోకాళ్లు బాగున్నవాళ్లే పరుగు కొనసాగిస్తారు కాబట్టి ఈ అంకెలను మరీ నెత్తిన పెట్టుకోకూడదు. అయినా సరదాగా పరిగెత్తేవాళ్ల విషయంలో బంధువుల భయానికి ఆధారం మాత్రం కనిపించదు.

భయపడాల్సింది ఉంటే అది గుండె గురించి, అదీ కొలతలో. అమెరికాలో 2000 నుంచి 2010 మధ్య హాఫ్, ఫుల్ మారథాన్లలో పాల్గొన్న కోటీ తొమ్మిది లక్షల మందిలో 59 మందికి పరుగు సమయంలో గుండె ఆగింది. 42 మంది చనిపోయారు. అంటే గుండె ఆగింది దాదాపు 1,84,000 మందిలో ఒకరికి. ముప్పు చాలా చిన్నది. కానీ ఎక్కువ భాగం మగవాళ్లలో, హాఫ్ కంటే ఫుల్‌లో, అందులోనూ చివరి పావు దూరంలో జరిగింది. మన దేశంలో గుండె జబ్బులు చిన్న వయసులోనే రావడం మామూలు. నలభై దాటి, షుగరో బీపీనో ఉన్నవాళ్లు, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్లు ఉన్న కుటుంబాల వాళ్లు రిజిస్ట్రేషన్ ఫీజుకు ముందు డాక్టర్ ఫీజు కట్టాలి. ఛాతీలో బరువు, పరుగులో కళ్లు తిరగడం వస్తే "వాల్" అని సరిపెట్టుకుని ముందుకు పోకూడదు.

వెనక పరిగెత్తేవాళ్ల కష్టాల్లో శరీరంతో సంబంధం లేనివి కూడా ఉన్నాయి. 2019 లండన్ మారథాన్‌లో ఏడున్నర గంటల పేస్‌తో వెళ్తున్నవాళ్లు చూస్తుండగానే నీళ్ల టేబుళ్లు ఎత్తేశారు, రోడ్డు కడిగే వాహనాలు మీదకు వచ్చాయి, లావుగా ఉన్నారని సిబ్బందే ఎగతాళి చేశారు. గొడవయ్యాక నిర్వాహకులు క్షమాపణ చెప్పారు. తర్వాతి రేసుల్లో ఎనిమిది గంటల వేగంతో గుంపు చివర నడుస్తూ అందరికీ తోడుండే వాలంటీర్లను పెట్టారు. నగరాల్లో రోడ్లు ఎల్లకాలం మూసి ఉంచలేరు, బెర్లిన్‌లో కటాఫ్ (ముగించాల్సిన గడువు) ఆరుంబావు గంటలు, టోక్యోలో ఏడు గంటలు. కటాఫ్ పెట్టడంలో అన్యాయం లేదు. ఆరు గంటల వరకు సమయం ఉందని చెప్పి, ఐదో గంటకే అరటిపండ్లు అయిపోతే అది అన్యాయం. డబ్బు అందరూ ఒకటే కట్టారు. పైగా నీళ్లు, ఉప్పు, మెడికల్ సాయం ఎక్కువ అవసరమైంది చివర్లో వచ్చేవాడికే. మన నగరాల్లో తొమ్మిది దాటాక పక్క లేన్‌లో ట్రాఫిక్ వదిలేస్తారు. చివరి ఐదు కిలోమీటర్లు హారన్ల మధ్య, డీజిల్ పొగలో. ఏ మారథాన్ అయినా ఎంత బాగా నిర్వహించారో తెలియాలంటే విజేతను కాకుండా ఐదున్నర గంటలకు ఫినిష్ లైన్ దాటినవాడిని అడగాలి: 38వ కిలోమీటరు దగ్గర చల్లటి నీళ్లు ఉన్నాయా?

అయినా మళ్లీ ఎందుకు వస్తారు? పోలండ్‌లోని క్రాకోవ్‌లో 2012లో జరిగిన మారథాన్‌లో ఫినిష్ లైన్ దాటగానే 62 మంది రన్నర్లను నొప్పి ఎంత ఉందని అడిగారు. మూడు నెలలకు కొందరిని, ఆరు నెలలకు మిగతావాళ్లను అడిగితే, ఆ రోజు చెప్పినదానికంటే తక్కువ నొప్పి గుర్తుంది. పతకం, ఫొటో, ఆఫీసులో అభినందనలు మిగులుతాయి. 34వ కిలోమీటరు మెల్లగా కరిగిపోతుంది. దీనివల్ల ఒక నష్టం ఉంది: నొప్పితో పాటు దాని కారణం కూడా మరపున పడుతుంది. వచ్చే ఏడాది కూడా మొదటి పది కిలోమీటర్లు 6:30లోనే పోతాయి. అందుకని అనుభవం ఉన్నవాళ్లు రేసు సాయంత్రమే, మెట్లు దిగలేని స్థితిలోనే, ఫోన్‌లో నాలుగు ముక్కలు రాసుకుంటారు. ఏ కిలోమీటరు దగ్గర పేస్ విరిగింది, అప్పటికి ఎన్ని జెల్స్ తిన్నారు, ఎంత తాగారు, మొదటి ఐదు కిలోమీటర్ల హార్ట్‌రేట్ ఎంత, ఎండ ఎప్పుడు వచ్చింది. మరుసటి ఏడాది రిజిస్ట్రేషన్ తెరిచిన రోజు చూడాల్సింది ఆ నోట్, పతకం పట్టుకున్న ఫొటో కాదు.